చీమ ఇల్లు

“చీమ అండీ.”

సర్వరు గదిలో ఉన్నవాళ్లంతా తలెత్తి చూశారు.

“మీ లాగిన్ పేరు అడిగానండీ,” అన్నాడు సర్వరు చూసే అతను, విసుగ్గా.

“అదే నాయనా. చీమ.”

గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన చొక్కా మోచేతుల దగ్గర వెలిసిపోయి ఉంది. చంకలో ఓ గుడ్డసంచి.

ప్రింటర్లు బాగుచేసే అక్క, సిరా మరకల చేత్తోనే నోరు మూసుకుంది.

సర్వరతనికి నవ్వే తీరిక కూడా లేదు. కాలేజీకి కొత్త సర్వరు వచ్చింది. అందులో తలా ఒక ఇల్లు. అంటే, ఎవరి ఫైళ్లు వాళ్లు దాచుకునే ఫోల్డరు. ఆ ఇంట్లో ముందుగదిలాంటి ఫోల్డరు ఇంకొకటి. అందులో పెట్టిన పేజీలు లోకమంతటికీ కనబడాలి. నాలుగింటికి ప్రిన్సిపాలుగారికి చూపించాలి.

మూడు రోజులుగా ఎవరి పేజీ తెరిచినా ‘అనుమతి లేదు’ అన్న ఒక్క మాటే.

“నీ గురువు పేజీ ఒకటుందిగా, చూడరాదురా,” అంది అక్క పొద్దున.

“పదేళ్ల సర్వీసయ్యాక ఇంకా నోట్సు చూసి పనిచేయమంటావా అక్కా?” అన్నాడు.

పెద్దాయన ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు.

“నా పేజీలు కొత్తదాంట్లోకి వస్తాయో రావో కనుక్కుందామని...”

“ఎనిమిదేళ్లుగా మీరు లాగిన్ అవలేదు. రెండేళ్లు దాటినవన్నీ పాత డిస్కులోనే వదిలేశాం. ఇవాళ దాన్ని తుడిచేస్తున్నాం.”

“రాయాల్సింది రాసేశాను. మళ్లీ లోపలికి రావలసిన పనేముంది? చదివేవాళ్లు వస్తుంటారుగా.” సంచి తడిమాడు. “నా దగ్గర ఇంకో కాపీ లేదు నాయనా. డిస్కు తెచ్చుకున్నాను. ఒక్క పూట ఆగితే ఎక్కించుకుపోతాను.”

“చదివేవాళ్లెవరండీ, చీమలా?”

గది ఘొల్లుమంది. పెద్దాయన కూడా నవ్వాడు, నలుగురితో పాటు నవ్వకపోతే బాగోదన్నట్టు.

అంతలో ఆయన చూపు తెర మీద పడింది.

“అనుమతి లేదంటోందా? ఇంటికి తాళం వేసి, ముందుగది తలుపులు బార్లా తీస్తే ఎవరు రాగలరు? ఇంట్లో ఏమున్నాయో చూడనివ్వద్దు గానీ, దాటిపోయే దారైనా ఇవ్వాలి.”

“తాతగారూ, ఇది ఇల్లూ వాకిలీ కాదు, సర్వరు. మా పని మమ్మల్ని చేసుకోనివ్వండి.”

ఆయన చూస్తుండగానే, తుడిచే ఆజ్ఞ ఇచ్చి మీట నొక్కాడు.

తెర మీద శాతం ఒకటయింది. రెండయింది. పెద్దాయన కాసేపు దానివంకే చూశాడు.

“సరే నాయనా. పనిలో అడ్డొచ్చాను.”

బయట చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది. తరవాత అదీ లేదు.

“అంత మాట అనకుండా ఉండాల్సిందిరా,” అంది అక్క. తనూ నవ్విన సంగతి గుర్తొచ్చి తల దించుకుంది.

మూడున్నరయింది. తెలిసిన విద్యలన్నీ అయిపోయాయి. మిగిలింది ఆ ముసలాయన మాట ఒక్కటే.

అక్క అటు తిరిగి ఉన్నప్పుడు, దొంగతనం చేస్తున్నవాడిలా, ఒక్కో ఇంటికీ దాటిపోయే అనుమతి మాత్రం ఇచ్చాడు.

అనుమతుల వరసలో మారింది ఒక్క అంకె. పేజీలన్నీ వరసగా తెరుచుకున్నాయి.

అతని చెవులు వేడెక్కాయి. పాత డిస్కు వైపు చూశాడు. నూరు శాతం ఎప్పుడో అయిపోయింది.

గేటు దాకా పరిగెత్తాడు.

“సంచి పట్టుకుని ఒక పెద్దాయన...”

“ఇందాకటి దాకా ఆ బల్ల మీదే కూర్చున్నాడు సారూ,” అన్నాడు వాచ్‌మన్. “పిలుస్తారేమో, కాసేపు చూస్తానన్నాడు. ఇప్పుడే బస్సెక్కాడు.”

నాలుగింటికి ప్రిన్సిపాలుగారు వీపు తట్టి, “నువ్వు కాబట్టి చేయగలిగావయ్యా,” అన్నారు.

అతను తెర వైపు తిరిగి ఇంకో పేజీ తెరిచి చూపించాడు.

అందరూ వెళ్లాక అక్క అడిగింది. “ఆయన చెప్పిందే చేశావు కదూ?”

అతను తలూపాడు.

“ఎవరో గాని, పని తెలిసినవాడు. నీ గురువుకైనా ఈ కిటుకు తెలుసో లేదో.”

“తెలియకేం? చూపిస్తానుండు,” అన్నాడు, ఆ రోజు మొదటిసారి కాస్త నెమ్మదిగా.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే ఊళ్లో, ఎవరో ఇచ్చిన లింకు అది. రాసినవాళ్ల పేరు ఎక్కడా ఉండదు. కంప్యూటర్లు ఎన్ని మారినా ‘గురువు’ అని పేరు పెట్టి వెంట తెచ్చుకున్నాడు. వచ్చిన విద్యంతా దాన్ని చూసి నేర్చుకున్నదే.

నొక్కాడు.

‘ఈ పేజీ లేదు.’

మళ్లీ నొక్కాడు. అదే మాట.

పదేళ్లలో ఏనాడూ చదవని ఆ చిరునామాని అప్పుడు చదివాడు: ముందు ఈ కాలేజీ పేరు, తరవాత ఎవరి ఇల్లో చెప్పే మెలిక గీత, ఆ పక్కన చీమ.