గురి నిలవని రైఫిల్

రెండో రైఫిల్ కూడా దూకింది.

"ఇదీ అంతే," అంటూ ఆమె చాప మీది నుంచి తల ఎత్తింది.

తుపాకుల మేస్త్రీ కాగితాన్ని వెనక్కి రప్పించే తీగ లాగాడు. ఆయన కొట్టు వెనక పొడుగాటి రేకుల షెడ్డు ఉంది. ఆ చివర ఇసుక బస్తాల ముందు టార్గెట్ కాగితం, ఈ చివర బోర్లా పడుకోవడానికి చాప. కొనేవాళ్లు పది గుళ్లు కాల్చి చూసుకోవచ్చు.

కాగితం తీగ మీద జారుతూ వెనక్కి వచ్చింది. ఏడు గుళ్లు నల్ల చుక్క నడిమధ్యన ఒకే చోట దిగాయి. మిగతా మూడూ, ఎవరో గిట్టనివాళ్లు కాల్చినట్టు, తలో దిక్కుకు పోయాయి.

పేటలో ఆమెను అందరూ పార్సిలక్క అంటారు. పొద్దున్నే పార్సిళ్ల సంచీ భుజానికెత్తుకుంటే లిఫ్టు లేని మేడలన్నీ ఆమె వాటాకే వస్తాయి. ఈమధ్య రెండో అంతస్తుకే ఆయాసం వస్తోంది. నలభై ఆరేళ్లొచ్చాయి మరి, అని సర్దిచెప్పుకుని మెట్ల మీదే కాసేపు కూలబడుతోంది. ఇంటికొచ్చాక కూర్చున్న చోటే నిద్ర. ఆదివారం పూట షూటింగ్ క్లబ్బులో యాభై మీటర్ల అవతలున్న చుక్కను చూస్తూ పడుకోవడం ఒక్కటే ఆమెకున్న సుఖం.

కిందటేడు జట్టులో చోటు ఒక్క పాయింటుతో పోయింది. ఈసారి ఎంపిక పోటీకి ఇంకా పది రోజులుంది. వచ్చే ఏటికి ఒంట్లో ఓపిక మిగులుతుందన్న నమ్మకం ఆమెకు లేదు. ఇప్పుడు కాకపోతే ఇక కాదని తేల్చేసుకుంది.

తీరా చూస్తే క్లబ్బు రైఫిల్ రెండు నెలలుగా మొరాయిస్తోంది. గురి కుదిరిందనుకునేలోపే ముక్కు ఎగరేస్తోంది. ఆరేళ్లుగా దాంతోనే నెట్టుకొచ్చింది. ఇక దానితో లాభం లేదనిపించి, సొంతంగా ఒకటి కొందామని మొగుణ్ని వెంటేసుకుని వచ్చింది. వాళ్ల తాహతుకు అందే పాత రైఫిళ్లు మేస్త్రీ దగ్గర మూడే ఉన్నాయి.

మూడోది అందుకుంది. దాని పట్టీని ఎడమ జబ్బకు బిగించుకుంది. గురి వలయంలోకి నల్ల చుక్క వచ్చి బుద్ధిగా కూర్చుంది. ఊపిరి బిగబట్టింది. వేలు కదిపే లోపే వలయం పక్కకు దూకింది.

"ఇదీ ఆ తానులో ముక్కే!"

స్టూలు మీద కూర్చున్న మొగుడు ఆవలించాడు. "నన్ను చేసుకునేటప్పుడు ఇందులో పదోవంతు పరీక్షైనా పెట్టావా?"

"పెట్టకపోబట్టేగా ఈ తిప్పలు." నవ్వబోయింది గాని నవ్వడానికి కూడా ఓపిక లేకపోయింది.

"పోనీ, చవగ్గా ఉన్నది తీసేసుకుందాం. నాలుగు రోజులు పోతే అదే అలవాటవుతుంది."

"అలవాటవడానికి ఇవేమన్నా చెప్పులా?" అని, ఆమె మేస్త్రీ వైపు తిరిగింది. ఉక్రోషం ఆగలేదు. "మేస్త్రీగారూ, ఉన్నమాట చెప్పండి. డబ్బులేనివాళ్లం కదా అని పనికిరానివన్నీ మాకు అంటగడుతున్నారా?"

ఆయనకు కోపం రావాల్సిన మాటే. రాలేదు. ఆమెను పక్కకు జరగమని, అదే రైఫిల్‌తో తాను పడుకుని పది గుళ్లు కాల్చాడు. కాగితం తెచ్చి చూపించాడు. పదీ కలిపితే చొక్కా గుండీ అంత చిల్లు.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. "మీ చేతికి లొంగింది. నాకెందుకు లొంగదు?"

మేస్త్రీ లోపలికి వెళ్లి, బీరువా తాళం తీసి, తన సొంత రైఫిల్ తెచ్చాడు. దాని ఖరీదు అడిగే ధైర్యం కూడా మొగుడికి లేకపోయింది. "ఇది అమ్మేది కాదు. ఊరికే కాల్చి చూడమ్మా."

అదీ దూకింది.

ఆమె చెంపను రైఫిల్ చెక్కకు అలాగే ఆనించి కళ్లు మూసుకుంది. "నా చెయ్యే పోయినట్టుంది. ఏ రైఫిల్ కొన్నా ఒకటే. పదండి, ఇంటికెళ్లి పడుకుంటా."

"ఉండమ్మా," అన్నాడు మేస్త్రీ. గుళ్లు తీసేసి, చాప పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "కాల్చకు. ఊరికే గురి పెట్టి ఉంచు. ఈ దూకుడు ఎన్నాళ్ల నుంచి?"

"రెండు నెలలైంది. క్లబ్బు రైఫిల్‌దీ ఇదే వరస."

"కాస్త ఊపు అందరికీ ఉంటుంది. అది కొలిచినట్టు ఉంటుంది."

"నాది అలా లేదండీ. నాలుగుసార్లు బుద్ధిగా ఊగుతుంది. ఆగుతుంది. ఉన్నట్టుండి ఎగురుతుంది."

మేస్త్రీ గొట్టం చివరకేసి చూశాడు. గోడ గడియారం చూశాడు. మళ్లీ గొట్టం. ఆయన పెదవులు లెక్కపెడుతున్నాయి. నిమిషం గడిచింది. మొగుడు ఇంకో జోకు వేయబోయి, ఆయన మొహం చూసి మానుకున్నాడు.

"చెప్పండి, ఏది తీసుకోను?" నీరసంగా అడిగింది ఆమె. "పది రోజులే ఉంది."

మేస్త్రీ ఆమె చేతుల్లోంచి రైఫిల్ మెల్లగా తీసి పక్కన పెట్టాడు. జబ్బ మీది పట్టీ వదులు చేశాడు. లేవబోతున్న ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపి, మొగుడి వైపు తిరిగాడు.

"రైఫిళ్లన్నీ మంచివే బాబూ, బిగించిన పట్టీలోంచి గొట్టాన్ని ఎగరేస్తున్నది ఆవిడ గుండె, అది కొట్టుకోవడం మధ్యమధ్యన తప్పుతోంది, ముందు ఆసుపత్రికి ఫోన్ చెయ్యి."