పట్టుబట్టలో దేవుడు

ఎప్పుడూ అత్తగారే ఉతికే దేవుడి పట్టుబట్టను, సాయం చేద్దామని విప్పిన కోడలికి లోపల విగ్రహం కనబడలేదు. పప్పుగుత్తి కనబడింది.

మర్నాడు ఆమె ఉద్యోగంలో చేరాలి. వద్దని దేవుడే చెప్పాడని మామగారు ముందురోజే తేల్చేశారు. ఆ ఇంట్లో దేవుడెప్పుడూ మామగారికి నచ్చినదే చెబుతాడు, అదీ మామగారి గొంతుతోనే.

"అత్తయ్యా! దేవుణ్ణెవరో ఎత్తుకుపోయారు!"

అత్తగారు గబగబా తలుపు మూసింది. "అరవకే తల్లీ! కాపురానికొచ్చిన ఏడాదే విగ్రహం నా చేతిలో పగిలింది. భయమేసి దీనికి బట్ట చుట్టి నిలబెట్టాను. ముప్పై ఏళ్లయింది."

"మరి రోజూ దీనికే దండం పెడతారుగా!"

"దీనికెందుకు పెడతాను? దేవుడికి పెడతాను. ఆయన ఇంత గుడ్డలో ఇముడుతాడా, పిచ్చిదానా?"

"మరి నా ఉద్యోగం వద్దన్నదెవరు?"

అత్తగారు బట్టలో పాత పేపర్లు కూరి దేవుడి గూట్లో నిలబెట్టి, పప్పుగుత్తిని వంటింట్లోకి తీసుకుపోయింది. "రేపు నువ్వు తయారై ఉండు."

పొద్దున్నే మామగారు గూటి ముందు కళ్లు మూసుకుని, తెరిచారు. "మళ్లీ అడిగాను. వద్దంటే వద్దంటున్నాడు."

"ఎప్పుడన్నాడండీ? ఇందాకట్నుంచీ నా చేతిలోనే ఉంటేనూ!" పప్పు మెదుపుతున్న అత్తగారు పప్పుగుత్తి ఎత్తి చూపించింది.

మామగారు ఉలిక్కిపడలేదు. గొంతు మాత్రం తగ్గించారు.

"పప్పుగుత్తని నాకెప్పుడో తెలుసులేవే. నేనే వద్దంటున్నానంటే మీరు వింటారా?"

"వినం మామయ్యా," అంది కోడలు, చెప్పులేసుకుంటూ.