ముందు మీరు

"రాష్ట్రం గ్రాంటు వస్తేనే కేంద్రం ఇస్తుంది," అన్నాడు గ్రాంట్ల ఆఫీసు మొదటి కిటికీలో ఆయన, టైలరమ్మ దరఖాస్తు వెనక్కి తోస్తూ.

"కేంద్రం ఇస్తేనే రాష్ట్రం," అంది రెండో కిటికీలో ఆవిడ.

"పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు! మూతపడబోయే నా కొట్టుకు భలే మందు," అని దణ్ణం పెట్టింది టైలరమ్మ.

భోజనాల వేళకి ఆ ఇద్దరూ ఒకే క్యారేజీ విప్పారు. మొగుడూ పెళ్ళాలట!

"అయితే మీలో మీరు మాట్లాడుకుని తేల్చేయరాదూ?"

"ఆఫీసు సంగతులు ఇంట్లో ఎత్తం," అన్నాడాయన.

"ఇంటి సంగతులు ఆఫీసులో ఎత్తం," అంది ఆవిడ.

"మరి మాట్లాడుకునేదెప్పుడండీ?"

ఇద్దరి చేతుల్లో ముద్దలూ అలాగే ఆగిపోయాయి. ఆయన పెళ్ళాం వైపు తిరిగాడు.

"ముందు నువ్వు మొదలుపెట్టు."

"ముందు మీరు."

తన దరఖాస్తు కంటే పాత ఫైలొకటి ఇక్కడ పెండింగులో ఉందని టైలరమ్మకు అర్థమైంది.