డాక్టరు బొమ్మ బిళ్ళ

"ఇంతమందిల ఒక్క రూపాయి బిళ్ళ దొరకదా?" పాడె పక్కన నిలబడి లింగమూర్తి గద్దించాడు.

బట్ట నేసే సాంచెలు బందు పెట్టి వచ్చిన మగవాళ్లంతా జేబులు తడుముకున్నారు. అందరి జేబుల్లోనూ ఫోన్లే. బతుకుదెరువుకు వలస వచ్చిన ఈ బమ్రోలిలో చాయ్ తాగినా ఫోనే చూపిస్తున్నారాయె, బిళ్ళలెక్కడివి! నొసట రూపాయి లేకుండా సారక్కను లేపడానికి కులపెద్ద లింగమూర్తికి మనసొప్పడం లేదు.

సారక్క కూతురు ప్రసన్న ఏడుపు ఆపి లేచింది. తొమ్మిదో తరగతి పిల్ల. దేవుడి పటాల వెనక నుంచి నీలం డబ్బీ తెచ్చింది. లోపల ఏదో గలగలమంది.

"ఇది పెట్టుండ్రి పెద్దబాపూ. అమ్మకు ఇదంటే పాణం."

మందు కనిపెట్టిన ఓ పెద్ద డాక్టరు బొమ్మతో సర్కారు తీసిన బిళ్ళ అది. ఆయన గురించి తెలుగు బడిలో బాగా మాట్లాడినందుకు ప్రసన్నకు బహుమతిగా ఇచ్చారు. సారక్క రక్తం జబ్బుకు వాడిందీ ఆయన మందే.

"వద్దు!" తండ్రి రాజనర్సు అరిచాడు. "ఆని మొకం నా పెండ్లాం నొసట వద్దు. ఆర్నెల్లు నా చేతులతోని ఇచ్చిన గోలీలు, ఒక్కనాడు తప్పలే. ఏం బతికిచ్చిండు?"

పాపం, ఎవరి మీద కోపం తీర్చుకోవాలో తెలియక బొమ్మ మీద తీర్చుకుంటున్నాడు.

"అట్లనకు బాపూ. నేను బడిల మాట్లాడింది అమ్మ రోజూ చెప్పిచ్చుకునేది. 'ఒకప్పుడు ఈ మందు లేక తల్లుల ముంగటనే పిల్లలు సచ్చిపోయిండ్రు' అన్నకాడ ఆపేది. 'మా అమ్మకొచ్చింది, నాకొచ్చింది, రేపు నీకొస్తెనో బిడ్డా? మల్ల అసొంటి రోజులొస్తెనో?' అని అడిగేది. నీకేమన్న పిచ్చా అమ్మా అని నవ్విన."

"పొద్దెక్కుతున్నది తమ్మీ. పిల్ల మాట ఇను," అన్నాడు లింగమూర్తి. రాజనర్సు మొహం తిప్పుకున్నాడు.

లింగమూర్తి బిళ్ళను గోటితో లేపాడు. దాంతోపాటు అడుగున్న మఖమలు గుడ్డ కూడా ఊడివచ్చింది. దాని కింద కాగితం పొట్లం. విప్పేసరికి తెల్లటి గోలీలు, సగానికి విరిచినవి, గుప్పెడు నేల మీద పడ్డాయి.

రాజనర్సు వంగి ఒకటి తీసుకున్నాడు. తను ఇచ్చినవే.

"సగమే మింగినవా?" పాడె మీద పడి భార్య భుజాలు పట్టి కుదిపాడు. "ఎందుకే? ఎవలికోసం దాసినవే?"

ప్రసన్న పొట్లం కాగితాన్ని వెనక్కి తిప్పింది. సారక్కకు రాయవచ్చిన ఒకే ఒక్క మాట, కూతురు దగ్గర కూచుని నేర్చుకున్నది, దాని మీద వంకరటింకరగా ఉంది: 'ప్రసన్న'.