జూనీ చెవుల డబ్బు

“ఒక్క డాలరు మిగల్చలేదమ్మాయ్! మొత్తం ఊడ్చుకుపోయారు!”

వెర్లీన్ ఉత్తరాన్ని బల్ల మీద పడేసింది. అమెరికాలో టొలీడో ఊరి గ్రంథాలయంలో ఓ మూల, పన్ను కాగితాలు ఉచితంగా నింపిపెట్టే బల్ల అది. అవతల కూర్చున్న టెస్‌కి ఇరవై రెండేళ్లుంటాయి. కాలేజీలో అకౌంట్లు చదువుతూ శనివారాలు ఇక్కడ సాయం చేస్తుంది.

టెస్ ఉత్తరం అందుకుంది. మొదటి వరుస దగ్గరే చాలాసేపు ఆగిపోయింది.

“కర్టిస్ హాబ్లిట్... మీ ఆయనా?”

“ఆయనే. మొదటి పెళ్లిలో ఓ కూతురుందిట. ఆ పిల్ల పోషణకి కోర్టు కట్టమన్నది ఏళ్ల తరబడి ఎగ్గొట్టాడు. అడిగితే లేచి బయటికి పోతాడు. ఇద్దరం కలిపి రిటర్ను వేశాం. నాకు తిరిగి రావాల్సిన పన్ను డబ్బు కాస్తా పన్నులవాళ్లు ఆ బాకీ కింద పట్టుకున్నారు.”

“కిందటేడు ఆయన సంపాదనెంత?”

“సున్నా. నడుం విరిగి మంచాన పడ్డాడు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఇల్లు నడిపింది నేను. ఆ డబ్బుతో మా జూనీకి చెవి మిషన్లు కొందామనుకున్నా. ఆరేళ్లది. వెనకనుంచి పిలిస్తే పలకదు. బీమా వాళ్లు ఇవ్వం పొమ్మన్నారు.”

టెస్ గబుక్కున లేచి సొరుగులోంచి ఓ ఫారం లాగింది.

“అప్పు ఆయనది. జీతం మీది. మీ వాటా మీకు రావాల్సిందే! దీన్ని నష్టపోయిన భాగస్వామి ఫారం అంటారు.”

“నష్టపోయిన భాగస్వామా? పెళ్లిరోజే చేతిలో పెట్టాల్సింది నాకు!”

ఇద్దరూ ఫక్కున నవ్వారు. పక్కబల్ల పెద్దాయన విసుగ్గా చూశాడు.

నవ్వు ఆగాక వెర్లీన్ గొంతు తగ్గించింది. “ఆ పిల్ల తల్లికి డబ్బు ఈపాటికి చేరిపోయుంటుందేమో. పాపం, వాళ్లకీ అవసరమేగా.”

“చేరలేదు.”

“అంత గట్టిగా ఎలా చెబుతున్నావ్?”

“ఉమ్మడి రిటర్ను కదండీ. ఆర్నెల్ల దాకా ఆపి ఉంచొచ్చు,” అంది టెస్, తల ఎత్తకుండా రాస్తూ.

నెల తిరిగేసరికి జీతం కాగితం జతచేయలేదని ఫారం వెనక్కొచ్చింది. వెర్లీన్ నీరుగారిపోయింది. టెస్ మాత్రం ఊరుకోలేదు. మధ్యాహ్నం తిండి వేళకి లాండ్రీ దగ్గరికే కారేసుకొచ్చి, ఆవిరి గది గుమ్మంలో నిలబడి జీతం కాగితం తీసుకుని, సంతకం పెట్టించుకుంది. పన్నుల ఆఫీసుకి ఫోన్ చేసి గంటన్నర లైన్లో వేలాడింది. వారం వారం “వచ్చిందా?” అని కబురు పెట్టేది.

ఫారం మళ్లీ పంపిన పధ్నాలుగో వారం పోస్టు డబ్బాలో చెక్కు కనిపించింది. వెర్లీన్ చెప్పుల్లేకుండానే వీధిలోకి పరిగెత్తి, కనిపించిన ప్రతివాళ్లకీ చూపించింది.

మూడు వారాల తర్వాత ఓ శనివారం, పీచ్ పళ్లు కూరి కాల్చిన వేడివేడి తీపిరొట్టె ఒక చేత, జూనీని ఒక చేత పట్టుకుని గ్రంథాలయంలోకి దూసుకొచ్చింది. జూనీ చెవుల వెనక ఎర్రటి మిషన్లు తళతళలాడుతున్నాయి. ఆ పిల్ల అటు తిరిగి పుస్తకాల బొమ్మలు చూస్తోంది.

“పిలువు! ఒక్కసారి పిలిచి చూడు!” వెర్లీన్ టెస్ భుజం పట్టి కుదిపేసింది.

“జూనీ,” అని మెల్లగా పిలిచింది టెస్.

పిల్ల గిర్రున తిరిగింది!

వెర్లీన్ చప్పట్లు కొట్టింది. ఈసారి పక్కబల్ల పెద్దాయన కూడా కొట్టాడు.

“మా ఆయన్ని తీసుకొస్తానమ్మా, నీకు దణ్ణం పెట్టుకుంటాడు. జూనీ, ఆంటీకి థ్యాంక్స్ చెప్పు.”

టెస్ మోకాళ్ల మీద కూర్చుంది. కళ్లు తుడుచుకుంది.

“ఆంటీ కాదురా, అక్క అను.”

“అవును, అక్కే! చిన్నపిల్లవి, నిన్ను పట్టుకుని ఆంటీ అన్నాను చూడు,” అని నవ్వింది వెర్లీన్.

టెస్ జూనీ చెవి దగ్గరికి వంగింది.

“మీ నాన్నే మా నాన్న.”