ఒంటిసూది, జంటసూదులు

"మీ మిషనా? దాని పక్కన పడుకున్నవాడు లేచేసరికి గడ్డం మాసిపోతుంది!" అన్నాడు పొడుగాయన.

"మీ దాని పక్కన పడుకున్నవాడు చేతులు కట్టేసిన దొంగలా ఉంటాడు!" అన్నాడు పొట్టాయన.

బ్లడ్ బ్యాంక్ డాక్టరమ్మ తల పట్టుకుంది. ఇద్దరూ రెండు కంపెనీల సేల్స్‌వాళ్లు. దాత రక్తంలోంచి ప్లేట్‌లెట్లూ ఎర్రకణాలూ ఒకేసారి వేరుచేసి, మిగిలింది తిరిగి దాతకే ఎక్కించే మిషన్లు ఇద్దరివీ. వాడి చూసుకోమని పక్కపక్కనే బిగించారు. ఆసుపత్రి కొనేది మాత్రం ఒక్కటే.

"మాది ఒంటిసూది మేడమ్. రెండో చెయ్యి ఖాళీ. దాత హాయిగా పేపరు చదువుకోవచ్చు," అన్నాడు పొట్టాయన.

"తియ్యడం, ఆపడం, మళ్లీ ఎక్కించడం... నత్తనడక మేడమ్! మాది జంటసూదులు. ఈ చేతిలో తీస్తూనే ఆ చేతిలో ఎక్కించేస్తుంది."

"మరి ముక్కు దురదపెడితే ఎవరు గోకుతారు?"

"సిస్టర్ గోకుతుంది!"

"అయ్యా, నాకా డ్యూటీ వెయ్యకండి," అంది సిస్టర్.

ఇంతలో ఫోన్ మోగింది. డాక్టరమ్మ విని, మెల్లగా పెట్టేసింది.

"పైవార్డులో పాపకి ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి. ఎర్రకణాలూ కావాలి. వస్తామన్న దాతలు వానకి దారిలో ఇరుక్కుపోయారట."



"ఏ గ్రూపు మేడమ్?" అడిగాడు పొట్టాయన.

"ఓ పాజిటివ్."

"నాదీ అదే," అంటూ చొక్కా చెయ్యి మడిచాడు.

"నాదీనూ!" పొడుగాయన టై లాగేశాడు. "ఇన్నాళ్లూ నోటితో అమ్ముకున్నాం. ఇవాళ చేత్తో చూపిస్తాం."

సిస్టర్ చకచకా పరీక్షలన్నీ చేయించింది. ఇద్దరూ పనికొస్తారని తేలింది. డాక్టరమ్మకి కళ్లు చెమర్చాయి.

"మిమ్మల్ని వట్టి వాగుడుకాయలనుకున్నానయ్యా. వెళ్లి పడుకోండి. ఏ మిషన్ మంచిదో ఈ దెబ్బతో తేలిపోతుంది."

ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ వెళ్లారు. పొడుగాయన ఒంటిసూది మిషన్ పక్కన వాలాడు. పొట్టాయన జంటసూదుల మిషన్ పక్కన రెండు చేతులూ చాపేశాడు.

"అయ్యో, కంగారులో మిషన్లు మారిపోయాయండీ!" అంది సిస్టర్.

ఇద్దరూ ఒక్క గొంతుతో అన్నారు: "కంగారేం లేదమ్మా, మా మిషన్ సంగతి మాకు తెలీదూ!"