టిష్యూ ప్యాకెట్

సింగపూర్‌లో, ఆంగ్ మో కియో హాకర్ సెంటర్‌లోని తిండి కొట్ల మధ్య ఖాళీ టేబుల్ కనబడగానే, చోటు ఆపుకోవడానికి రమణ మెడలోని ఆఫీసు కార్డు తీసి దానిమీద పెట్టాడు.

"చోప్ చెయ్యడానికి అందరూ టిష్యూ ప్యాకెట్ పెడితే, నీకు అదే దొరికిందా? పోతేనో?" అన్నాడు పెద్దిరాజు.

"ఎవరూ ముట్టుకోరన్నయ్యా. పద, అన్నం తెచ్చుకుందాం."

పెద్దిరాజు కదల్లేదు. షిప్‌యార్డులో ఓవర్‌టైమ్‌లు చేసి, అప్పుకు పూచీ ఉండి, తమ్ముడిచేత రెండేళ్ల టెక్నికల్ కోర్సు చదివించింది ఆ కార్డు కోసమే.

రమణ కూర్చుండిపోయాడు. "మొదటి జీతం వచ్చింది. లోను వాయిదా పోగా నీ జీతమంత కూడా మిగల్లేదు. నీతోపాటు యార్డులో చేరుంటే అసలు అప్పే ఉండేది కాదు."

"ఐటీలో డబ్బు వానలా కురుస్తుందన్నావుగా. గొడుగేసుకెళ్లావేంట్రా?"

రమణకు నవ్వు రాలేదు. "దీపావళికి నిన్ను వదిన దగ్గరికి పంపిస్తానన్నాను. కుదరదన్నయ్యా. ఇంకో రెండేళ్లు నువ్వు కూడా కట్టాలి."



"వదినకు నువ్వేం చెప్పకు. నేను చెప్పుకుంటాను," అన్నాడు పెద్దిరాజు.

తర్వాత కార్డు తీసి, చొక్కా అంచుతో తుడిచి, తమ్ముడి మెడలో వేశాడు. తన జేబులోని టిష్యూ ప్యాకెట్ టేబుల్ మీద పెట్టాడు.

"చోప్‌కి ఇది చాల్లేరా. పద, ఆకలేస్తోంది."